చెవిరోలు వృత్తాంతం

పూర్వం, పడమటి మహాసముద్రపు ఒడ్డున, ఓక్ చెట్లు దట్టంగా పెరిగిన కాలిఫోర్నియా కొండల నడుమ, ఓలోనీ జనుల పల్లె ఒకటి ఉండేది. ఆ పల్లెలో, ఏటికి ఎగువన నల్లబండలో తొలిచిన రోటిలో ఓక్ గింజలు దంచి, వాటి చేదు పోయేదాకా నీట కడిగి, జావ కాచి పదిమందికీ పెట్టిన పుణ్యాత్మురాలు ఒక అవ్వ. ఆమె పేరు ఈ కథ చెప్పేవారెవరికీ తెలియదు. ఎందుకు తెలియదో చెప్పడమే ఈ కథ.

మరణించినవారి పేరు ఎవరూ ఉచ్చరించరాదని ఆ పల్లెవారి ఆచారం. ఉచ్చరిస్తే, సముద్రం దాటిపోతున్న ఆత్మ తన్నెవరో పిలిచారని వెనుదిరిగి, దారి తప్పి దుఃఖిస్తుందని వారి విశ్వాసం. ఆ పేరు ఏ చెట్టుదో పిట్టదో అయితే ఆ మాటను సైతం పక్కన పెట్టేవారు. ఆ ఇంట మరో బిడ్డ పుట్టి, పెద్దలు దాని చెవిలో ఆ పేరు చెప్పిన నాడే పేరుకూ మాటకూ విడుదల. మనుషులు ఒక్కొక్కరుగా పోయే కాలానికి అది చక్కని ఆచారమే.

అటుపై పరదేశపు పాదరీలు వచ్చి, గంటల మఠం కట్టి, జనులను తమ ఆవరణలోకి తోలుకుపోయి, గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి అన్నారు. ఏడవడానికి మాత్రం ఏ గంటా కొట్టలేదు. విషజ్వరాలు సోకి ఇళ్ళకిళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవారితోపాటు మాటలూ మూగబోయాయి. పుట్టిన కొద్దిమందికీ మఠం వారు తమ పేర్లే పెట్టారు. కూతురిని కూడా ఆ జ్వరానికే పోగొట్టుకుని, మఠానికి చిక్కక బండచాటున దాగిన అవ్వ ఒక్కతే ఆ భాష నిండుగా ఎరిగినదై మిగిలింది.

మఠంలో పెరిగిన మనుమరాలు మార్సెలా, నిండుచూలాలై, ఒకనాడు కాపలావారి కన్నుగప్పి వచ్చింది.

"అవ్వా, మా అమ్మ పేరు చెప్పవే. ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టుకుంటాను," అని వచ్చీరాని తనవారి మాటల్లో బతిమాలింది.

"నీకు చెప్పకూడదే తల్లీ. బిడ్డను తీసుకురా, దాని చెవిలో చెబుతాను. అప్పుడు నువ్వూ విందువుగాని."

"అప్పటిదాకా ఉంటావా మరి?"

"ఉండక ఎక్కడికి పోతానే!" అంది అవ్వ. అన్నది గాని, అప్పటికే ఆమె దగ్గితే నెత్తురు పడుతోంది.

ఆడపిల్లే పుట్టింది. కానీ మఠం వారు వానలు వెలిసేదాకా బాలింతను గడప దాటనివ్వలేదు. అవ్వ దారి చూసి చూసి, ఇక లాభం లేదనుకున్న రోజున, రోటికి నోరానించి, కూతురి పేరూ, ఊరందరి పేర్లూ, పక్కన పెట్టిన మాటలన్నీ అందులో చెప్పి, అలాగే కన్నుమూసింది. మనిషి చెవిలో చెప్పలేదు కనుక ఆచారం తప్పలేదు. ఆ తల్లి ఆ ఒక్కసారీ, మనుమరాలు అడిగిన నాడే తప్పి ఉంటే ఎంత బాగుండేదో!

మార్సెలా వచ్చేసరికి అవ్వ పెదవులు రోటికి ఆనే ఉన్నాయి. సంగతి గ్రహించి, గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ చెవిని ఆమె రోటికి ఆనించింది. బిడ్డ ఏడుపు మాని, ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టు కళ్ళు విప్పి ఊఁ కొట్టింది. తల్లి తన చెవి ఆనిస్తే మాత్రం రాతి చల్లదనమే తగిలింది. ఇక అవ్వ పేరు కూడా పలకరానిదే అయింది. మార్సెలా బతికినన్నాళ్ళూ పలకలేదు.

ఆ రోలే, మన మాటలో చెప్పుకుంటే, చెవిరోలు. నేటికీ వానలు వెలిశాక తల్లులు పసికందులను తెచ్చి దానికి చెవి ఆనిస్తారు. ఎంత ఏడ్చే బిడ్డయినా అక్కడ ఊరుకుంటుంది. ఏమి విన్నావని అడిగితే చెప్పే వయసు కాదు. చెప్పే వయసు వచ్చేసరికి వాళ్ళకు వేరే భాష వచ్చేసి ఉంటుంది.