నాలుగు తోకల గూడు

పంటకాలువ గట్టు మీద ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టే గిజిగాళ్ళ కాలేజీ. అల్లిక ఒక్కటే కోర్సు. గూడు అల్లాలి, పాసవ్వాలి, పాసైనవాళ్ళే ఆ గూట్లో గుడ్లు పెట్టుకోవాలి. పరీక్షలు చూసేది నక్క సారు. పిట్టల కాలేజీకి నక్కేమిటని మొదట్లో ఎవరో అడిగారట. ఆయన చెట్టెక్కలేడు, ఎవరి గూట్లోనూ తల దూర్చలేడు, కాబట్టి పక్షపాతం ఉండదని పెద్దలు తేల్చేశారట.

నీళ్ళ మీదకి వంగిన కొమ్మలు సారుకి చెల్లవు, గట్టు వైపే అల్లాలి. ఆయన మార్కులు వేసే పద్ధతి చాలా తేలిక. గిజిగాడి గూటికి కింద ఒక గొట్టం వేలాడుతుంటుంది, లోపలికి దారి అదే. సారు వచ్చి, గూటికి వీపు తిప్పి, తోక పైకెత్తి ఆ గొట్టానికి ఆనించి కొలిచేవాడు. రెండు తోకలుంటే పాసు. మూడుంటే డిస్టింక్షన్. నాలుగుంటే కాలేజీ ఫస్టు. కొలవడం అయ్యాక తలైనా తిప్పకుండా "బాగుంది" అనేసి పక్క గూటికి నడిచేవాడు. దాంతో చెట్టు మీద గూడు ఎలా అల్లావని అడిగేవాళ్ళే లేకుండా పోయారు. పరీక్షలో అదనంగా తీసుకునే కాగితాల్లాగా ఆ గొట్టానికి అడిషనల్ అని పేరు పడింది. కలిస్తే చాలు, అడిషనల్ ఎంత వేలాడదీశావు అన్నదొక్కటే మాట.

పోచి అనే గిజిగాడికి ఇది మూడో ఏడు. మొదటి ఏడు రెండు తోకలు అల్లి పాసయ్యాడు, గూడు పడిపోయింది. రెండో ఏడు మూడు తోకలు, డిస్టింక్షన్. ఆ మార్కులు చూసే చుక్కి అనే ఆడపిట్ట వాడి గూట్లోకి వచ్చి రెండు గుడ్లు పెట్టింది. మొదటి ఈదురుగాలికే గూడు పుటుక్కున తెగింది. ఇద్దరూ మేతకెళ్ళి తిరిగొచ్చేసరికి కొమ్మ బోసిగా ఉంది. గూడు కింద దొర్లుతోంది. గుడ్లు మాత్రం లేవు.

చుక్కి తిట్టలేదు, ఏడవలేదు. ఈ ఏడు మబ్బులు పట్టగానే మాత్రం వచ్చి ఒక్కటే చెప్పింది.

"నీ మార్కులు నాకు చెప్పకు. గాలికి నిలబడే గూడైతే పిలువు. లేదంటే నన్ను పిలవకు."

పోచి నేరుగా సారు దగ్గరికెళ్ళాడు. డిస్టింక్షన్ వచ్చిన గూడు ఎందుకు పడిందో చెప్పమన్నాడు. గాలి సిలబస్‌లో లేదన్నాడు సారు, గోళ్ళు చూసుకుంటూ. పోనీ ఈసారి ఏం మార్చుకోమంటారని అడిగితే, ఇంకా బాగా అల్లాలి నాయనా అన్నాడు.

"ఎక్కడ బాగా అల్లాలి సారూ?"

"మొత్తం మీద."

ఆ మొత్తం మీద అన్నది ఎక్కడుంటుందో తెలియక పోచి చెట్టు మొదట్లో కూలబడ్డాడు. అక్కడ ఉడుతక్క పడిపోయిన పాత గూడొకటి ముందేసుకుని, పీచు పీకి మూట కట్టుకుంటోంది, పిల్లలకి పరుపు కోసం.

"ఏరా తమ్ముడూ, మొహం అంతలా వేలాడేశావు. అది కూడా పడిపోతుందేమో చూసుకో."

పోచి తన గోడంతా చెప్పుకున్నాడు. ఉడుతక్క మూట కట్టడం ఆపి, ఈ చెట్టు నుంచి పడ్డ ప్రతి గూడూ తన చేతుల మీదుగానే పోతుందనీ, పాసైనదైనా డిస్టింక్షనైనా అన్నీ ఒకే చోట తెగుతాయనీ అంది. ఎక్కడ అన్నాడు పోచి.

"ఇక్కడ."

గూటి మెడ, అంటే కొమ్మకి కట్టిన ముడి, వాడి ముక్కు ముందు పెట్టింది. ఎండుపీచు, అదీ రెండే చుట్లు. దాని కింద మూడు తోకల బరువు. పోచి ఆ తెగిన కొసని అలా చూస్తూ ఉండిపోయాడు. మూడేళ్ళ చదువులో ఇక్కడ అని వేలు పెట్టి చూపించినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగాడు. ఎవరడిగారంది ఉడుతక్క. పైగా మీ గూళ్ళు పడకపోతే నా పిల్లలకి పరుపేదని నవ్వబోయి, సగంలో ఆపేసింది. పోచి అప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"మరి గుడ్లు? అవీ పడతాయిగా. అవేమవుతాయక్కా?"

"సారు వచ్చి శుభ్రం చేసి పోతాడు."

"చీపురుతోనా?"

"నాలుకతో." మొహం పక్కకి తిప్పుకుంది. "నీవి కూడా."

పోచికి అప్పుడు లెక్క తెలిసింది. గొట్టం ఎంత పొడుగైతే బరువంత ఎక్కువ, బరువెంత ఎక్కువైతే అంత తొందరగా తెగుతుంది. నీళ్ళ మీదకి వంగిన కొమ్మలు పరీక్షకి పనికిరావని సారు ఎందుకన్నాడో, అందరినీ గట్టు వైపే ఎందుకు అల్లమన్నాడో కూడా తెలిసింది. కాలువలో పడితే ఆయనకేం మిగులుతుంది?

మర్నాడు పొద్దున్నే పోచి నీళ్ళ వైపు కొమ్మకి ముడి వేశాడు. గూడు అల్లలేదు, ఉత్త ముడే. రమ్మని ఉడుతక్కని పిలిచాడు. ఆవిడ ముందే చెప్పేసింది, నాకు అల్లడం రాదురా, తెగడం ఒక్కటే తెలుసని. ముడి పట్టుకుని వేలాడి, అటూ ఇటూ ఊగింది. "ఇక్కడ" అంది. పోచి విప్పి మళ్ళీ వేశాడు. మళ్ళీ ఊగింది, మళ్ళీ "ఇక్కడ" అంది. మూడోసారికి పోచికి కోపం వచ్చి పొలం మీద ఒక చుట్టు తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు పచ్చి వరి ఆకుని చీల్చిన పోచ ముక్కున కరుచుకొచ్చాడు. పచ్చి పోచ ఎండేకొద్దీ బిగుసుకుంటుందన్నది చిన్నప్పటి నుంచీ వాడికి తెలుసు. తోకలు కొలిచే హడావుడిలో మర్చిపోయాడంతే. ఆ పోచతోనే మళ్ళీ ముడి వేశాడు. అది ఎండాక, నాలుగు రోజులకి ఉడుతక్క ఆ ముడి పట్టుకుని చాలాసేపు ఊగింది, ఏమీ అనలేదు.

"ఏమంటావక్కా?"

"ఇక్కడేం లేదు. కిందకి పద."

ముడి కింద గూడు అల్లాడు, గూటికి సరిపడా పొట్టి గొట్టం. అది ముక్కాలు తోక కూడా లేదు. అప్పుడు పోచి ఎండుగడ్డితో నాలుగు తోకల పొడుగు అడిషనల్ ఇంకొకటి అల్లి, గొట్టం కొసకి ఊరికే తగిలించాడు.

పరీక్షనాడు చెట్టంతా చేరింది. నీళ్ళ మీద వేలాడుతున్న గూడు చూసి సారు అది చెల్లదన్నాడు. పోచి చాలా వినయంగా మాట్లాడాడు.

"అలాగే సారూ. నాలుగు దాటింది, మీ తోక ఎలాగూ అందదని అందరూ అనుకుంటున్నారు."

కొమ్మల మీద కిచకిచలు మొదలయ్యాయి. సారు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"నా తోకకి అందని గూడు ఈ చెట్టు మీద ఉందట్రా?"

అలవాటు ప్రకారం వీపు తిప్పాడు, తోక ఎత్తాడు, వెనక్కి నడిచాడు.

"అందిందా?"

"లేదు సారూ."

ఇంకో అడుగు వేశాడు. "ఇప్పుడు?"

"ఒక్కసారి తిరిగి చూస్తే మీకే తెలుస్తుంది సారూ," అన్నాడు పోచి. ఆ మాట వాడు నిజంగానే అన్నాడు.

"చూడ్డాలు గీడ్డాలు మన పద్ధతి కాదు." ఇంకో అడుగు వేశాడు. తోక అడిషనల్‌కి చుట్టుకుంది, కాలు గట్టు మీంచి జారింది. సారు వెల్లకిలా కాలువలో పడ్డాడు. నాలుగు తోకల గడ్డీ ఆయనతోపాటే ఊడి వెళ్ళింది. గూడు మాత్రం ఒక్క ఊపు ఊగి నిలబడింది.

నీళ్ళు మోకాలి లోతే. సారు గడ్డి చుట్టుకున్న తోకతో, బురద ఓడుతూ అవతలి గట్టెక్కాడు. వెనక నుంచి పోచి కేకేశాడు.

"సారూ, మార్కులన్నీ మీ తోకకే ఉన్నాయి. ఉంచుకోండి."

ఉడుతక్క అప్పుడు అందరి ముందూ గుడ్ల సంగతి చెప్పేసింది. తర్వాత ఒక్కొక్కరే తమ అడిషనల్ కత్తిరించి కింద పడేయడం మొదలుపెట్టారు.

సాయంత్రం ఈదురుగాలి కొట్టింది. పోచి గూడు గిర్రున తిరిగింది, ఊగింది, పడలేదు. గాలి ఆగాక చుక్కి వచ్చింది. లోపలికి వెళ్ళలేదు, ముందు ముడి మీద వాలి ముక్కుతో పట్టి గుంజింది. ఇంకోసారి గుంజింది. ఆ తర్వాత లోపలికి దూరింది.

ఇప్పుడా చెట్టు కింద సారు స్థానంలో ఎవరూ లేరు. సగం అల్లిన గూడు ఉన్నవాళ్ళు ఉడుతక్కని పిలుస్తారు, లేకపోతే పోచిని, చుక్కిని. విప్పేసిన ముడుల పీచంతా ఉడుతక్క గుమ్మం ముందు పోగు పడుతోంది, ఆవిడ పిల్లల పరుపు చెట్టు మొత్తంలోకీ మందమైనది. ఎక్కడ చూసినా వినపడేది ఒక్కటే మాట, "ఇక్కడ."

నీతి: ఎంత వచ్చిందో చెప్పేవాడు కొలతగాడు, ఎక్కడ తెగుతుందో ముందే చూపించేవాడు గురువు.