దివాను గారి తివాచీ

రాజుగారి ఏనుగు ఊరేగింపు చూడ్డానికి వీధంతా జనం కిక్కిరిశారు. ముందు వరసలో మాత్రం దివాను గారి తివాచీ ఒక్కటే పదిమంది చోటు మింగి దర్జాగా పడుంది. వెనక ముసలమ్మలు ఎండకు సోలిపోతున్నారు.

“మనుషులు నిలబడాలి, గుడ్డ కూర్చోవాలా? కాస్త మడిచి పెట్టు నాయనా!” అంది గాజులమ్ముకునే పేరమ్మ.

“తివాచీ ఉందంటే దివాను గారు ఉన్నట్టే! తాకావో, తంతాను!” కసిరాడు కాపలా భటుడు.

పేరమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఇంతలో ఏనుగు వచ్చింది. అందరూ చేతులు జోడించారు.

“ప్రభూ! మీరొచ్చినా దివాను గారు లేవలేదు, చూడండి!” అంటూ పేరమ్మ తివాచీని చూపించింది. “అది ఆయనేనని మీ భటుడే చెప్పాడు!”

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడే రొప్పుతూ వచ్చిన దివాను హడలిపోయాడు.

“అయ్యో, నేను కాదు ప్రభూ! అది వట్టి తివాచీ!”

పేరమ్మ వెనక్కి తిరిగింది. “విన్నారుగా, వట్టి తివాచీయేనట! రండి పిన్నమ్మలూ, కూర్చోండి!”