తేన్పుకు పట్టుతాడు

రాజుగారి ఆవులు తేన్చడం మానేశాయి. దాంతోపాటు పాలివ్వడమూ మానేశాయి.

ఇది నెమలిదుర్గమనే ఒకానొక రాజ్యంలో జరిగిన ముచ్చట. దాన్ని ఏలే వీరమార్తాండ భూపతికి తన గోశాల అంటే మహా గొప్ప. ఎన్ని ఆవులున్నాయో అడగకుండానే చెప్పేవాడు. ఎన్ని పాలిస్తున్నాయో అడిగినా చెప్పేవాడు కాదు. పచ్చిమేత పెరిగే బీడును చామంతి తోట చేయించి, ఆవులకు ఇళ్ళ కప్పుల మీంచి దించిన పాత గడ్డి వేయించేవాడు. ముసలివీ, రోగిష్టివీ, వట్టిపోయినవీ అన్నీ కలిసి ఆ గడ్డే నమిలి రోజంతా తేన్చేవి.

పొరుగు రాజు పంపిన రాయబారి ఒకరోజు గోశాల చూడటానికి వచ్చి, గుమ్మంలోనే ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమిటీ గాలి?" అన్నాడు.

"ఆవుల తేన్పులండీ," అన్నాడు గోశాల చూసే ఓబయ్య, ఉన్నమాట.

భూపతికి తల కొట్టేసినట్టయింది. తిన్నగా సభకు వచ్చి, ఆవుల మూతులకు పట్టుతాళ్ళు బిగించమన్నాడు. మేత వేళ తప్ప విప్పకూడదన్నాడు.

వంటశాల అధికారిణి మైలసాని ఆ సభలోనే ఉంది. చదువుకున్న మనిషి, నలభై దాటిన మనిషి. కాదంటే రాజుగారి మొండితనం రెట్టింపవుతుందని ఎరుగును. అందుకని కాదనలేదు.

"ఆవుల వరకేనా ప్రభూ?" అంది.

"మరి?"

"రేపు రాయబారి ముందు ఎవరి ఎద్దో, ఎవరి మామగారో తేన్చారనుకోండి. కోటలోపల ఏ ప్రాణి తేన్చినా మూతికి పట్టుతాడే అని చాటిస్తే తమ ప్రతాపం తెలిసొస్తుంది."

ప్రతాపం అన్న మాట చెవిన పడితే భూపతి ఇక ముందూ వెనకా చూడడు. సాయంత్రానికల్లా దండోరా వేయించాడు.

మూతి కట్టేస్తే నెమరు లేదు, తేన్పు లేదు. ఆవుల ఎడమ డొక్కలు డప్పుల్లా ఉబ్బాయి. పాలు అడుగంటాయి. ఓబయ్యే పాలు చాటుగా అమ్ముకుంటున్నాడని భూపతి తేల్చేశాడు.

"రాయబారికి వీడ్కోలు విందు ఇస్తున్నాం. ఆ భోజనం ముగిసి నేను తాంబూలం వేసుకోగానే, వీణ్ణి పెళ్ళాం బిడ్డలతో సహా పొలిమేర దాటించండి," అన్నాడు.

ఓబయ్య వంటశాల వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నేను పోతే పోతాను. ఆ తాళ్ళెవరు విప్పుతారు? డొక్క ఉబ్బిపోయి చుక్కావు ఎల్లుండి దాకా బతకదు."

"ఏడవకు. రేపు మధ్యాహ్నమే విందు. శనగపప్పు నానబెట్టాలి, చేమదుంపలు ఉడకబెట్టాలి, నాకు బోలెడు పనుంది," అంది మైలసాని. "నువ్వు భోజనశాల స్తంభం పక్కన నిలబడు. రాజుగారు లేచేదాకా నిన్నెవరూ కదపలేరు."

నెమలిదుర్గంలో ఒక ఆచారముంది. రాజుగారు తృప్తిగా తేన్చితేనే భోజనం ముగిసినట్టు. ఆ తేన్పు వినగానే భట్రాజులు "ప్రభువు తృప్తి చెందారు" అని కేక వేస్తారు. అప్పుడుగానీ మిగతావాళ్ళు విస్తళ్ళ ముందు నుంచి లేవకూడదు. ఎంతటివాడైనా సరే.

ఆ ఆచారాన్నీ ఈ ఆజ్ఞనూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి కోట మొత్తానికి ఒక్కతే.

మర్నాడు విస్తళ్ళలో చేమదుంప వేపుడు, అలసంద గారెలు, శనగపప్పు బూరెలు, చిక్కటి ఉలవచారు. భూపతి అన్నీ మారు వడ్డించుకున్నాడు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి ఛాతీలో ఏదో కదిలింది. నోరు తెరవబోతూ తలెత్తాడు. ఎదురుగా మైలసాని. చేతిలో వెండి పళ్ళెం, పళ్ళెంలో పట్టుతాడు.

భూపతి నోరు మూసుకున్నాడు.

"ఏమిటది?" అన్నాడు పళ్ళ సందునుంచి.

"తమ ఆజ్ఞే ప్రభూ. ఏ ప్రాణి అయినా."

ఎవరూ లేవలేదు. అందరూ చేతులు ఎండబెట్టుకుని కూర్చున్నారు. సేనాపతికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. రాయబారి వేళ్ళకు పెరుగన్నం అట్టకట్టింది.

"మీ దేశంలో భోజనం మర్నాటిదాకా సాగుతుందా అమ్మా?" అన్నాడతను మెల్లగా.

"మా ప్రభువు ఆడిన మాట తప్పరు బాబూ. కూర్చోండి."

భూపతి ముఖం వంకాయ రంగుకు తిరిగింది. బంగారు మొలనూలు పొట్టలోకి దిగబడుతోంది.

"మైలసానీ, ఈ గాలి బయటికి పోకపోతే నా ప్రాణం పోయేలా ఉంది."

"చుక్కావు కూడా రోజూ అదే అంటోంది ప్రభూ. దానికి మాటలు రావు గనక తమదాకా రాలేదు."

భూపతి స్తంభం పక్కనున్న ఓబయ్యను చూశాడు. తన పొట్ట చూసుకున్నాడు.

"తాళ్ళు విప్పించు. ఆజ్ఞ రద్దు."

"మరి ఓబయ్య?"

"ఉండనీ... త్వరగా తేల్చు తల్లీ."

"అయితే కానివ్వండి ప్రభూ."

బ్రేవ్‌మని వచ్చిన ఆ తేన్పుకు చూరు కింది పావురాలు లేచిపోయాయి. భట్రాజులు అలవాటుకొద్దీ కేక వేశారు. అందరూ ఒక్కసారే చేతులు కడుక్కోవడానికి పరుగెత్తారు. ఓబయ్య అప్పటికే గోశాల దారి పట్టాడు. భూపతి పీట మీదే కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"బాగానే కట్టావు నా మూతి. మరి ఆ కంపు మాటేమిటి?"

"ఆవు తేన్చక మానదు ప్రభూ. కాకపోతే గాలిగా పైకి పోయే మేత పాలుగా కిందికి దిగదు. పాత గడ్డి తిన్నది ఎక్కువ తేన్చి తక్కువ ఇస్తుంది. రోగిష్టిది తింటుంది, తేన్చుతుంది, ఏమీ ఇవ్వదు. మంచి మేతా, వేళకు వైద్యమూ ఉంటే సగం మందే రెట్టింపు పాలిస్తుంది. సగం మందకు సగం తేన్పులే."

"సరే, బహుమానం కోరుకో."

"చామంతి తోట."

"నీకు పూల మీద ఇంత మోజా?"

"పీకించడానికి ప్రభూ."

భూపతి మళ్ళీ నవ్వి, తోటతోపాటు తన చేతి కంకణం కూడా తీసిచ్చాడు. తోటలో మేతకు పిల్లిపెసర, పచ్చజొన్న వేశారు. జబ్బు ఆవులకు మందులు పోయించారు. చుక్కావు బతికింది. ఉత్త లెక్క కోసం ఉంచిన ఆవులను సాకగల రైతులకు ఇచ్చేశారు. మరుసటేడు రాయబారి గోశాలలో నిలబడి చెంబెడు పాలు తాగాడు. ఉత్తరీయం భుజం మీదే ఉంది.

మైలసాని ఆ పట్టుతాడును భోజనశాలలో రాజుగారి పీటకు ఎదురుగా మేకుకు తగిలించింది. తను పదవిలో ఉన్నన్నాళ్ళూ అది అక్కడే ఉండాలని నిశ్చయించుకుంది. తీసెయ్యమని భూపతి కసిరాడు, బతిమాలాడు, చివరికి ఇంకో కంకణం ఇచ్చాడు.

ఆమె కంకణం తీసుకుంది. తాడు తీయలేదు.