ఆచార్యుడు పెట్టిన పెరటి గుమ్మం

రుద్రభూపతికి ఆ ఏడాది ఇళ్ళ పిచ్చి పట్టింది. గుర్రపు రౌతుల కుటుంబాలకు కోటగోడ పక్కన వరసగా చిన్న ఇళ్ళు కట్టించాలనుకున్నాడు. నమూనా గీసి తెమ్మని ఆస్థాన స్థపతి విశ్వంభరాచార్యుణ్ణి ఆజ్ఞాపించాడు.

ఆచార్యుడు గీసి తెచ్చి సభలో పరిచాడు. సభంతా "ఆహా!" అంది. ఎందుకందో సభకే తెలియదు.

తిప్పన మాత్రం కిసుక్కున నవ్వాడు. రాజుగారిని నవ్వించడమే అతని కొలువు. ఆ పూట తనే నవ్వాడు. నమూనాలో ముందు సగం ఇల్లు స్తంభాల సావడి. మిగతా సగంలో ఒక గది, ఒక వంటిల్లు ఇరుక్కుని కూర్చున్నాయి.

ఆచార్యుడి ముఖం కందగడ్డయింది. "ప్రభూ! ఓనమాలు రానివాడు నా పనిని చూసి నవ్వడమా?"

"నిజమే," అన్నాడు రాజు. "తిప్పనా, నెల రోజులు వీరి దగ్గర నేర్చుకో. ఆ తర్వాత తప్పు చూపించు. చూపించలేకపోతే నీ కొలువు ఊడినట్టే."

తిప్పన ఒప్పుకోక తప్పలేదు. నలుగురు పిల్లల తండ్రి, మాటలు తప్ప మరో విద్య రానివాడు.

ఆచార్యుడు మొదటి పాఠంగా కాళ్ళు పట్టించుకున్నాడు. రెండో పాఠంగా తన బిరుదులు వల్లె వేయించాడు. మూడోనాడు తిప్పన ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారూ, ఈ ఇంట్లోంచి పెరట్లోకి దారేదండీ?"

"పెరటి గుమ్మమా? ఛీ! వెనక గుమ్మం ఉంటే ముందు గుమ్మానికి హోదా ఏముంటుందిరా? వీధిలోకి వచ్చి, చుట్టూ తిరిగి వెళ్తారు."

తిప్పనకు ఒళ్ళు మండింది. ఇంత తెలివితక్కువతనానికి అన్ని బిరుదులా! మర్నాటి నుంచి పాఠం ఎగ్గొట్టి రౌతుల గుడిసెల చుట్టూ తిరిగాడు. పొగ ఎటు పోతోంది, స్నానాల నీళ్ళు ఎక్కడికి పారుతున్నాయి, చుట్టాలొస్తే ఆడవాళ్ళు ఎటునుంచి తిరుగుతున్నారు, అన్నీ చూశాడు. ఇల్లు గీయడానికి ముందు అందులో మనుషులు ఎలా మసలుతారో చూడాలని అప్పుడు తెలిసింది.

నెల నిండి, పరీక్ష రోజున తిప్పన చేతులు కట్టుకుని అన్నాడు.

"ప్రభూ, గురువుగారు ఆ ఇంటిని తమ చేత్తోనే ఇక్కడ కోట ముంగిట్లో అసలు కొలతలకు ముగ్గు వేయాలి. మొదటి గృహస్థు కూడా వారే కావాలి. ముగ్గు గీతంటే గోడే. దాటకూడదు."

ఆచార్యుడు పొంగిపోయి, పంచె ఎగ్గట్టి మరీ గీశాడు. వెనక గదిలో మంచం వేయించుకుని దొరలా కూర్చున్నాడు. శిష్యుడు గురుపూజ మొదలుపెట్టాడు. పానకం, మజ్జిగ, పుచ్చకాయలు, మళ్ళీ మజ్జిగ. ఆచార్యుడు వద్దనడం ఎరగని మనిషి.

అంతలో తిప్పన విన్నపం మీద రాణీవాసం తరలివచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాల్లా రాణిగారు, చెలికత్తెలు సావడి నిండా కూర్చున్నారు. రాజు వీధి గుమ్మం దగ్గర పీట వేసుకున్నాడు.

కాసేపటికి ఆచార్యుడు మంచం మీద అటూ ఇటూ కదిలాడు. మరికాసేపటికి లేచి నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఏం గురువుగారూ?" అన్నాడు తిప్పన.

"ఒక్కసారి... పెరట్లోకి..."

"దానికేం, దయచేయండి! ఇదుగో చెంబు. సావడిలోంచి, రాణిగారి ముందునుంచి వీధిలోకి వెళ్ళి, చుట్టూ తిరిగి రండి."

చెలికత్తెలు పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆచార్యుడు చెంబు వైపు చూశాడు. రాణిగారి వైపు చూశాడు. కాలు మీద కాలు మెలేశాడు. ఇంక ఆగలేక చెంబు లాక్కుని, వెనక గీతను తొక్కి చెరిపి, పంచె జారిపోతున్నా చూసుకోకుండా గుర్రపుశాల వెనక్కి పరుగు పెట్టాడు.

తిప్పన గొంతెత్తాడు.

"ప్రభూ! గురువుగారే స్వయంగా పెరటి గుమ్మం పెట్టారు, చిత్తగించండి!"

రాజు పీట మీంచి దొర్లి మరీ నవ్వాడు. రాణిగారు కళ్ళు తుడుచుకుంటూ మెడలోని ముత్యాల హారం తీసి తిప్పనకు ఇప్పించారు. రౌతుల ఇళ్ళు గీసే పని ఆ క్షణమే అతని చేతికి వచ్చింది.

ఆచార్యుడు తిరిగి వస్తాడేమోనని సభ చాలాసేపు ఎదురుచూసింది. ఆయన రాలేదు.