విన్నాం జోగులూ

ఈ కథ చెప్పడంలో నన్ను మించినవాడు ఈ కొండల చుట్టుపట్ల ఎక్కడా లేడు. అంటే, కొండ కొండా ఎక్కి నేనేమీ అడిగి రాలేదు. మా వీధిలో లేడు. మా వీధిలోనైనా మా అప్పమ్మ, అంటే నాయనమ్మ, మెలకువగా ఉంటే నన్ను రెండు ముక్కలు చెప్పనివ్వదు, "అది అలా కాదురా" అని అడ్డు తగులుతుంది. ఇప్పుడావిడ కునుకు తీస్తోంది. లేచేలోగా చెప్పేస్తాను.

అనగా అనగా, కొండకి దారి వేసింది మనుషులు కాదు, మేకలే అన్నంత పాతకాలంలో, జోగులు అని ఒక బోయీ ఉండేవాడు. దొరవారి పల్లకి మోయడం అతని పని. పల్లకికి నలుగురు బోయీలు. నలుగురిలోనూ జోగులు భుజమే పలచన. కానీ నలుగురిలోనూ అతని కళ్లే చురుకు. అందుకే ముందు నడిచేవాడు.

పల్లకి మోసే పనిలో ఒక చిక్కుంది. వెనకవాళ్లకి దారి కనపడదు. కళ్లెదుట పల్లకి వీపే ఉంటుంది. కాబట్టి ముందువాడు దారి చెప్పాలి. జోగులు చెప్పేవాడు.

"రాయుంది, ఎడమకి. గొయ్యుంది, కుడికి. ముల్లుంది, దాటు."

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పాట. అలవాటు ఎంత ముదిరిందంటే పల్లకి దించి ఇంటికి పోతున్నా ఆపేవాడు కాదు. ఇంట్లోకి వస్తూ "గడపుంది" అనేవాడు. పదేళ్లుగా ఈ గడప దాటుతున్నాను, నాకు తెలీదా అని పెళ్లాం నూకాలు వెక్కిరించేది. వాళ్లకి ఏడేళ్ల కూతురు, ముత్యాలు. అయ్య వెనకే నడుస్తూ, లేని రాళ్లకి కూడా ఎగిరి దూకేది.

ఇలా ఉండగా దొర ఒకసారి బావమరిది ఊరు వెళ్లొచ్చాడు. అక్కడ పల్లకి పిల్లి నడిచినట్టు నడుస్తుందట. బోయీలు కిక్కురుమనరట. లోపలున్న మనిషి హాయిగా గుర్రు పెడతాడట. దొరకి అది మనసులో పడింది. పల్లకి బొంగు భుజాన ఉన్నంతసేపు ఎవడూ నోరు తెరవకూడదని ఆజ్ఞ వేశాడు.

మొదటిరోజు జోగులు ఊరి పొలిమేర దాకా ఓర్చుకున్నాడు. అక్కడ "రాయుంది" అన్నాడు. దొర తిట్టి వదిలేశాడు.

రెండోరోజు వాగు దాకా ఓర్చుకున్నాడు. అక్కడ "ముల్లుంది" అన్నాడు. ఈసారి దొర తిట్టలేదు. ముత్యాలుని పిలిపించాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యమన్నాడు జోగుల్ని. బొంగు భుజాన ఉండగా నోరు తెరవనని జోగులు ఒట్టు వేశాడు. ముత్యాలు మాత్రం తలకి నూనె రాసుకోలేదే అని సిగ్గుపడుతూ నిలబడింది.

మూడోరోజు వాగు దాటారు. తోట దాటారు. చెరువుగట్టు ఎక్కారు. గట్టు మధ్యలో వానకి కోసుకుపోయిన గొయ్యి. వెనకాల బోయీల్లో గంగులు ఉన్నాడు. గంగులు కాలు సరిగ్గా అందులోకే పోతోంది. జోగులు పళ్లు బిగించాడు. పెదవి కొరుక్కున్నాడు. ఆఖరికి నోరు దానంతట అదే తెరుచుకుంది.

"గొయ్యుంది."

గంగులు కాలు నిలబడింది. పల్లకి నిలబడింది. దొర నిద్ర మాత్రం నిలబడలేదు. ఆ సాయంత్రానికి జోగులు పని ఊడింది.

పని పోయాక మొదట గాదెలో బియ్యం పోయాయి. తర్వాత పెరట్లో కోళ్లు పోయాయి. ఆ తర్వాత నూకాలు కాళ్ల కడియాలు పోయాయి. నూకాలు ఊళ్లోవాళ్లకి మిరపకాయలు దంచి, తుమ్ముతూ ఇంటికి వచ్చేది. జోగులు కూలికి వెళ్తే, దొర కాదన్నవాణ్ణి మేం ఎలా పెట్టుకుంటాం అనేవారు. అతను గంజి తాగలేదని ఆమెకి తెలుసు. ఆమె తాగలేదని అతనికి తెలుసు. ఇద్దరూ తాగామనే చెప్పుకునేవారు.

ఇదంతా ముత్యాలు చూసింది. కొండవాలులో కుంకుడు చెట్టు ఉంది. బుట్టెడు కాయలు దులిపితే సంతలో ఎవరైనా నూకలిస్తారు కదా అనుకుంది. ఎవరికీ చెప్పకుండా ఎక్కింది. మూడో కొమ్మ విరిగింది.

నడిచి వెళ్లిన పిల్లని మేకల కాపర్లు మోసుకొచ్చారు. తొడ ఎముక విరిగింది. నూకాలు కాలు చూసింది. జోగులు కాలు చూడలేదు. తల చూశాడు. నా చెయ్యి పెట్టిన తల ఇది, నేను తప్పిన ఒట్టు ఇది, అనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు.

ఊళ్లో వైద్యం తెలిసిన మంగలి వచ్చి చూశాడు. తొడ కట్టడం తన చేతిలో పని కాదన్నాడు. గుడ్డి కనుమకి అవతల కట్లవ్వ ఉంది, ఆవిడే కట్టాలన్నాడు. ఎముకకి మూడు పొద్దులే ఓపిక, మూడో పొద్దు కుంకితే అది తనకి తోచినట్టు అతుక్కుంటుంది, ఇక ఈ పిల్ల పాకడమే అన్నాడు.

మొదటి పొద్దు మోసే భుజాల కోసం వెతకడంతో పోయింది. బోయీలందరూ దొరతో బావమరిది ఊరు పోయారు. రెండో పొద్దు బతిమాలడంతో పోయింది. కనుమ మీద డోలీ మోయడం అలవాటు లేని భుజాల పని కాదని రైతులన్నారు. అది అబద్ధమేమీ కాదు. మూడో పొద్దు పొడిచింది. నూకాలు వెదురు బొంగు తెచ్చి, దానికి దుప్పటి కట్టి, పిల్లని అందులో పడుకోబెట్టింది.

"ముందు నువ్వు పట్టు మావా. వెనక నేను పడతాను."

"నీ భుజం ఆగదే."

"వాగు నుంచి రెండేసి కుండలు మోసిన భుజం. నువ్వు దారి సెప్పు, సాలు."

జోగులు తల ఊపాడు. బొంగు ఎత్తాడు.

ఊరి పొలిమేర దాటారు. జోగులు మాట్లాడలేదు. రాయి వచ్చింది. తను దాటాడు. వెనక నూకాలు తన్నుకుంది. డోలీ ఊగింది. పిల్ల కేక పెట్టింది.

వాగు దాటారు. జోగులు మాట్లాడలేదు. ముల్లు వచ్చింది. తను దాటాడు. వెనక నూకాలు తొక్కింది. డోలీ కుదిలింది. పిల్ల కేక పెట్టింది.

ఇంటి గడపకి కూడా దారి చెప్పే మనిషి, ఇవాళ నోరు కుట్టేసుకున్నట్టు నడుస్తున్నాడు. నూకాలుకి మొదట కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది.

అలా కనుమ మొదట్లోకి వచ్చారు. దాన్ని గుడ్డి కనుమ అని ఊరికే అనరు. ఒకపక్క నిలువు బండ. ఒకపక్క లోయ. మధ్యలో ఇద్దరు మనుషులు ఒరుసుకునేంత దారి. దాని మీద మంచు దిగింది. పొద్దు నడినెత్తి దాటినా తెల్లగా పాలు పోసినట్టు ఉంది. జోగులుకే మూడడుగుల కంటే ముందు కనపడటం లేదు. నూకాలుకి డోలీ దుప్పటి తప్ప ఏమీ లేదు.

పది అడుగులు వేశారు. నూకాలు కాలి కింద రాయి కదిలింది. అది లోయలోకి పడింది. కింద తగిలిన చప్పుడు వినపడటానికి చాలాసేపు పట్టింది.

నూకాలు ఆగిపోయింది. "ఇంక అడుగెయ్యను. ఎందుకు మాటాడవో సెప్పు."

జోగులు బొంగు కిందికి దించాడు. అది భుజాన ఉండగా మాట్లాడటానికి వీల్లేదు మరి. దించి, బండకి ఆనుకుని, అంతా చెప్పాడు. ఒకసారి ఒట్టు తప్పితే కాలు పోయింది, రెండోసారి తప్పితే పిల్లే పోతుంది, అన్నాడు. మాట్లాడితే బిడ్డ దక్కదు, మాట్లాడకపోతే ముగ్గురమూ దక్కం, నన్నేం చెయ్యమంటావే అన్నాడు.

నూకాలు పిల్ల మీద దుప్పటి సర్దింది. ఒట్టంటే ఆమెకీ భయమే. పొద్దు చూడబోతే మంచులో ఎక్కడుందో తెలీదు.

అప్పుడు డోలీలోంచి ముత్యాలు అడిగింది. "అయ్యా, ఆ ఒట్టు ఎవరి తల మీద ఏసినావు?"

"నీ తల మీదే తల్లీ."

"దొరబాబు తల మీద కాదు కదా?"

"కాదు."

"అయితే ఆయన్ని అడగడం దేనికి? తల నాది. నాను తీసేత్తన్నాను." పిల్ల తన తల తనే తడుముకుంది. పేను దొరికినట్టు దేన్నో రెండు వేళ్లతో పట్టింది. పక్కన బండ మీద పెట్టింది. "ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసేను. ఇంక సెప్పు. కాలు నొప్పెడతంది."

జోగులు ఆ బండ వంక చూశాడు. నూకాలు చూసింది. బండ మీద ఏమీ లేదు. ఇద్దరూ దానికి తగలకుండా ఒదిగి నిలబడ్డారు. తర్వాత జోగులు బొంగు ఎత్తాడు.

"రాయుంది, బండ పక్కకి."

"విన్నాన్లే మావా."

"గొయ్యుంది, చాచి వెయ్యి."

"విన్నాను."

"ముల్లుంది, దాటు."

"విన్నాను."

పిల్ల కేక పెట్టలేదు. అడుగు వెనక అడుగు పడింది. సరిగ్గా కనుమ నడుమకి వచ్చేసరికి, మంచులోంచి జోగులు మొహానికి జానెడు దూరంలో ఇంకో మొహం వచ్చింది. గంగులు మొహం. దాని వెనక దొర పల్లకి.

అటునుంచి వాళ్లు చప్పుడు లేకుండా వస్తున్నారు. ఇటునుంచి మాట వినపడబట్టి గంగులు అడుగు ఆపాడు. ఇటు కూడా మాట లేకపోయి ఉంటే రెండు బొంగులూ గుద్దుకుని, ఏడుగురూ లోయలో ఉండేవారు. డోలీలో పిల్లా, పల్లకిలో దొరా, మోసేవాళ్లని నేను చెప్పకపోయినా మీరే లెక్క పెట్టుకోండి. ఏడు కాకపోతే నాకు లెక్కలు రావని మా అప్పమ్మకి చెప్పకండి.

పల్లకి ఎందుకు ఆగిందని లోపల్నుంచి దొర అడిగాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాడు. ఎవరూ పలకలేదు. బొంగు భుజాన ఉంటే మాట్లాడొద్దన్నది ఆయనే కదా. మూడోసారి తెర తీసి తనే తొంగి చూశాడు. ముందు డోలీ. కింద లోయ. తెర మళ్లీ వేసేసుకున్నాడు.

దొర పల్లకి ఎవరికీ దారి ఇవ్వదు. అది ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. కానీ గంగులు డోలీలో కాలు చూశాడు. పిల్ల మొహం చూశాడు. జోగులు వంక చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. జోగులుకి అర్థమైంది. ఏళ్ల తరబడి పల్లకి మోసిన దారే, ఆ మంచులోనూ రాయి రాయీ అతనికి గుర్తే.

"వెనక్కి పదండి. మెల్లగా. రాయుంది, బండ పక్కకి. గొయ్యుంది, కాలు ఎత్తు."

దొర పల్లకి వెనక్కి నడిచింది. వీపు వైపు దారి కనపడని నలుగురు, జోగులు నోటిని కళ్లు చేసుకుని నలభై అడుగులు వెనక్కి వేశారు. దారి వెడల్పయిన చోట బండకి అతుక్కుని పక్కకి నిలబడ్డారు. డోలీ ముందుకి పోయింది. ఆ దారంతా దొర ఒక్క మాట అనలేదు. నిద్రపోయాడని మాత్రం నేను నమ్మను.

పొద్దు కొండ అంచు మీద పసుపు ముద్దలా నిలబడి ఉండగా కట్లవ్వ వాకిట్లో డోలీ దిగింది. అవ్వ కాలు తడిమింది. ఎవరు మోశారని అడిగింది. ఇంత దూరం వచ్చినా ఎముక పక్కకి జరగలేదని, పల్లకిలో తెచ్చినా ఇలా రాదని అంది. కాలు లాగి, కోడిగుడ్డు సొన, మినప్పిండి పట్టు వేసి, వెదురు బద్దలు కట్టింది. మూడు నెలలకి ముత్యాలు లేచింది. కొంచెం కుంటింది. కానీ నడిచింది.

దొర మళ్లీ పనికి రమ్మని కబురు పెట్టాడు. కాకపోతే కాస్త మెల్లగా చెప్పుకోవచ్చన్నాడు. మెల్లగా చెబితే గొయ్యి మెల్లగా ఉంటుందా అని జోగులు అడిగి పంపాడు. దానికి తిరుగు కబురు రాలేదు.

జోగులు కనుమ మొదట్లోనే గుడిసె వేసుకున్నాడు. సంతకి పోయేవాళ్లని, పురిటికి పోయేవాళ్లని, పెళ్లికి పోయేవాళ్లని మంచులో దాటించేవాడు. ముందు తను. వెనక వాళ్లు. "రాయుంది" అనేవాడు. "విన్నాం జోగులూ" అనేవారు. ఎవరైనా దోసెడు గింజలు పెడితే తీసుకునేవాడు. పెట్టకపోయినా దాటించేవాడు. నూకాలు మిరపకాయలు దంచడం మానేసింది. తుమ్ములు మాత్రం చాన్నాళ్లు మానలేదు.

అలా ముసలివాడై ఒక మంచు కాలంలో పోయాడు.

మర్నాడు సంత. జనం కనుమ మొదట్లో వచ్చి నిలబడ్డారు. ముందు ఎవరూ లేరు. ఎవరూ అడుగు వెయ్యలేదు. అప్పుడు గుడిసెలోంచి ముత్యాలు వచ్చింది. ఏడ్చిన కళ్లు తుడుచుకుంది. కుంటుకుంటూ అందరికంటే ముందుకి వెళ్లి నిలబడింది.

"రాయుంది, బండ పక్కకి."

వెనకాల ఉన్నవాళ్లు ఏమనాలో ఆలోచించలేదు. అందరూ ఒక్కసారే అన్నారు.

"విన్నాం జోగులూ."

అప్పట్నుంచి మా వైపు అదే పద్ధతి. కొండ దారైనా, పొలం గట్టైనా, ముందు నడిచేవాడు దారి చెప్పాలి. వెనకవాళ్లు "విన్నాం జోగులూ" అనాలి. ముందున్నది ఆడమనిషైనా, పసిపిల్లైనా, ఊరి పెద్దైనా, ఆ కాసేపు పేరు జోగులే. ఇప్పుడు కనుమ మీద తారు రోడ్డు పడింది. బస్సు మలుపులో డ్రైవరు హారన్ కొడితే వెనక సీట్ల ముసలమ్మలు ఇప్పటికీ ఆ మాటే అంటారు.

ఇక ఒకటి ఉంది. చెప్పకూడదనుకున్నాను. మా అప్పమ్మ లేచేలా ఉంది, ఆవిడ చెప్పేకంటే నేనే చెప్పడం నయం. పోయిన శ్రావణంలో చిన్నాన్న పెళ్లికి గట్ల మీద వెళ్తున్నాం. నన్ను ముందు నడవమన్నారు. వెనక పట్టుచీరల్లో పదిమంది. నేను రాయి లేని చోట "రాయుంది" అన్నాను. పదిమందీ ఎగిరారు. గొయ్యి లేని చోట "గొయ్యుంది" అన్నాను. పదిమందీ గెంతారు. నాకు నవ్వు ఆగలేదు. వెనక్కి తిరిగి చూసి నవ్వుతూ నడిచాను. నడిచి నడిచి, నిజంగా ఉన్న నీళ్ల కాలవలోకి వెల్లకిలా పడ్డాను, కొత్త చొక్కాతో సహా.

మెడ దాకా బురదలో కూర్చుని, "కాలవుంది" అన్నాను.

పదిమందీ గట్టు మీద వరసగా నిలబడి, ఒక్కరైనా నవ్వకుండా, "విన్నాం జోగులూ" అన్నారు.

అప్పట్నుంచి నన్ను ముందు నడవనివ్వడం లేదు.