తుమ్మే ఏనుగు

మా గురువుగారు చిదంబరయ్యగారికి కోపమే రాదని ఊళ్లో చెప్పుకుంటారు. అలా చెప్పుకునేవాళ్లెవరూ ఆయన దగ్గర చదువుకోలేదు. నేను చదువుకున్నాను. ఆయనకు కోపం వస్తుంది, మరీ ముఖ్యంగా దణ్ణాలు పెడితే వస్తుంది.

ఒకరోజు ఆయనతో కలిసి మా సహాధ్యాయి భానుమూర్తి ఇంటికి భోజనానికి వెళ్లాను. దేవుడి గూట్లో పట్టుగుడ్డ చుట్టి, బొట్టు పెట్టి ఒక పుస్తకం ఉంది. చదువు ముగిసిననాడు గురువుగారు వేదాంత పాఠమంతా స్వహస్తాలతో రాసి అతనికిచ్చిన పుస్తకం అది. దాన్ని చూడగానే ఆయన విస్తరి ముందునుంచి లేచిపోయారు. భానుమూర్తి కళ్లనీళ్లు పెట్టుకుని, "మీరిచ్చినదాన్ని రోజూ కళ్లకద్దుకుని పూజించుకుంటున్నాను. అందులో నా తప్పేమిటి గురువుగారూ?" అని అడిగాడు.

ఆయన మళ్లీ విస్తరి ముందు కూర్చోలేదు. నిలబడే, కోటిలింగం అనే ఒకతని సంగతి చెప్పారు.

కోటిలింగం చిల్లుపడిన బకెట్లకు మాట్లు వేసుకుంటూ బతికే రేకుపనివాడు. తాను బడి గడప తొక్కలేదు గానీ, ఊరి బడికి తనవంతుగా ఏదైనా ఇవ్వాలని అతనికి మహా కోరిక. ఏడాదిపాటు కూర్చుని నూనెడబ్బాల రేకుతో, గొడుగు ఊచలతో మేకపిల్లంత ఏనుగును చేశాడు. తోక లాగితే అది చెవులు ఆడించి, తొండమెత్తి, హాఛ్ మని తుమ్మేది! బడికిచ్చిన రోజున పిల్లలు తోక లాగి లాగి, పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు గురించి కోటిలింగం కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు.

అంత చక్కటి వస్తువు పాడైపోతుందని హెడ్మాస్టరుగారు మర్నాడే దాన్ని అద్దాల బీరువాలో పెట్టించి తాళం వేయించారు. వినాయకచవితికి ఎవరో బొట్టు పెట్టారు. ఇంకెవరో దండ వేశారు. ఆపైన పాలాభిషేకాలు కూడానూ! పిల్లలేమో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడాలి.

రెండేళ్లకు, కీళ్లకు నూనె వేద్దామని కోటిలింగం బడికి వచ్చాడు. చూసి నిర్ఘాంతపోయాడు.

"అయ్యా, ఇది దేవుడు కాదండీ, తుమ్మే ఏనుగండీ!"

"జిడ్డుచేతులతో దేవుణ్ణి ముట్టుకుంటావా? కళ్లు పోతాయి!" అని కసిరారు హెడ్మాస్టరుగారు.

చేసినవాడు ముట్టుకుంటే అపచారమట! ఎక్కడైనా ఉందా ఈ చోద్యం? కోటిలింగానికి ఒళ్లు మండిపోయింది. సుత్తితో తాళం పగలగొట్టి తోక లాగాడు. చెవి కదల్లేదు. పాలు దిగి లోపలంతా తుప్పు పట్టింది. ఇంకోసారి లాగితే తోక ఊడి చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని అందరి ముందూ భోరున ఏడ్చాడు.

"పిల్లలు లాగి లాగి విరగ్గొడితే నూరుసార్లైనా మాటు వేసిచ్చేవాణ్ణి. దణ్ణాలు పెట్టి చంపేశారు కదయ్యా!"

గురువుగారు అక్కడితో ఆపేశారు. భానుమూర్తి గూట్లోంచి పుస్తకం తీసి పట్టుగుడ్డ విప్పసాగాడు. ముడి బిగిసిపోయి ఓ పట్టాన ఊడలేదు.

"నాలుగో పుటలో కావాలనే ఒక తప్పు రాశాను," అన్నారు గురువుగారు. "ఎప్పుడొచ్చి నాతో పోట్లాడతావా అని పదకొండేళ్లుగా చూస్తున్నాను."