అడవి గొంతు నోరు మూసుకున్న రోజు

అనగనగా ఒక అడవి, పిల్లలూ. ఎండాకాలం వస్తే ఆ అడవిలో ఒక్క మడుగే మిగిలేది. ఆ మడుగు నిండా మొసళ్లు. అయినా జంతువులన్నీ అక్కడే నీళ్లు తాగేవి. ఎలాగంటారా? అక్కడ ఒక కట్టుబాటు ఉంది. పొద్దు నడినెత్తికి రాగానే మొసళ్లన్నీ అవతలి ఒడ్డుకు పోయి పడుకోవాలి. దాన్ని నీళ్లవేళ అనేవారు. ఆ కాసేపూ లేడికూన వచ్చి మూతి ముంచినా సరే, ఏ మొసలీ తోక కదపకూడదు.

ఆ అడవిలోనే మధురకంఠుడనే గోరింక ఉండేవాడు. తగవు వస్తే మృగరాజు సింహం ముందు వాదించడం అతని పని. ఎవరి తరఫున? ఎప్పుడూ మొసళ్ల తరఫునే. అందుకు మొసళ్లు అతనికి నోళ్లు తెరిచి పెట్టేవి. అతను దర్జాగా లోపలికి నడిచి, పళ్ల సందుల్లో ఇరుక్కున్న మాంసం ఏరుకుని తినేవాడు.

మొదట నీటికుక్కల మీద వాదించాడు. ఏటి మలుపులో చేపలన్నీ మొసళ్లవైపోయాయి. తర్వాత తాబేళ్ల మీద వాదించాడు. అవి గుడ్లు పెట్టుకునే ఇసుకతిన్నె మొసళ్లు ఎండ కాగే చోటైపోయింది. ఆ తర్వాత కొంగల మీద వాదించాడు. "ఇవి టపటపా రెక్కలు కొడుతుంటే నా వాళ్లకు కంటి మీద కునుకు లేదు మహారాజా!" అన్నాడు. కొంగలు గూళ్లు వదిలి వలస పోయాయి.

ఓడిపోయినవాళ్లు కూడా ఇళ్లకు పోతూ, "ఏం గొంతు! ఏం గొంతు!" అనుకునేవారు.

ఇలా ఉండగా ఆ అడవి గొంతు చనిపోయింది. అడవి గొంతంటే ఒక పదవి. రాజసభలో జంతువులందరి తరఫునా మాట్లాడే హక్కు ఆ ఒక్కరికే ఉంటుంది. అన్నాళ్లూ ఒక ముసలి చిలుక ఆ పని చేసింది. ఇప్పుడెవరిని పెడదామని సింహం సభలో అడిగింది.

లవంగి అనే పడుచు జింక గభాలున లేచింది. లవంగికి ఉడుకు రక్తం. ఎక్కడ ఏ మంచి నినాదం విన్నా ఇట్టే నోటికి వచ్చేసేది.

"మధురకంఠుణ్ని పెట్టండి!" అంది. "మనల్ని ఓడించిన గొంతే మనదైతే ఇక మనల్ని ఓడించేదెవరు? అడవి అందరిదీ! గొంతు అందరిదీ!"

"అందరిదీ! అందరిదీ!" అని కుందేళ్లు గంతులేశాయి.

ముళ్లపంది గంగులు మాత్రం గొణిగాడు. "అది మొసలి నోట్లో మేసిన గొంతమ్మాయ్."

"పాత కథలు తవ్వకు బాబాయ్! కొత్త పొద్దు పొడుస్తోంది!"

"పొడవనీ. ఎవరికి గుచ్చుకుంటుందో నాకెందుకు, నా ఒంటి నిండా ముళ్లే!"

అందరూ నవ్వారు. మొసళ్లు కూడా సంతోషంగా తోకలు నేలకేసి కొట్టాయి. వీళ్లకెందుకంత సంతోషమని ఎవరూ అడగలేదు. లవంగి కూడా అడగలేదు. మధురకంఠుడు అడవి గొంతు అయ్యాడు.

ఎండలు ముదిరాయి. లవంగికి తమ్ముడు పుట్టాడు. వాడింకా కాళ్ల మీద సరిగ్గా నిలబడలేడు. మడుగు చిక్కిపోయింది. అప్పుడు మొసళ్లు సభకొచ్చాయి. ఈసారి వాటి తరఫున ఒక కాకి మాట్లాడింది.

"మహారాజా, మడుగు ఇరుకైపోయింది. నా వాళ్లు అటూ ఇటూ తిరగలేరు. నీళ్లవేళ రద్దు చేయండి."

లవంగి తల్లి వణికిపోయింది. "భయపడకమ్మా," అంది లవంగి. "కాకి కూతకు మన గోరింక జవాబు చూడు. తునాతునకలు చేస్తాడు!"

సింహం గోరింక వైపు తిరిగింది. "అడవి గొంతు ఏమంటుంది?"

మధురకంఠుడు రెక్కలు సర్దుకున్నాడు. మెల్లగా తల వంచాడు.

"క్షమించాలి మహారాజా. ఒకరి తిండి తిని వాదించినవాడు మళ్లీ వాళ్లకు ఎదురుగా నోరు విప్పకూడదు. అది మన కట్టుబాటు. నేను మొసళ్ల తిండి తిన్నాను. ఈ తగవులో నేను మాట్లాడను."

ఆ కట్టుబాటు అందరికీ తెలుసు. లవంగికీ తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. నినాదాల హోరులో ఒక్కసారైనా గుర్తు రాలేదు.

"అయితే నేను మాట్లాడతాను!" అని అరిచింది.

"అడవికి ఒక్కటే గొంతు అమ్మాయీ. ఆ గొంతు నువ్వు కోరిందే కదా," అంది సింహం. "ఒక పక్షమే మాట్లాడితే ఆ పక్షానికే తీర్పు. అదీ కట్టుబాటే. నీళ్లవేళ నేటితో రద్దు."

లవంగి గోరింక కూర్చున్న కొమ్మ కిందికి పరుగెత్తింది.

"ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు తల్లీ," అన్నాడు మధురకంఠుడు. అతని గొంతు ఎప్పటిలాగే తియ్యగా ఉంది. "నేను అబద్ధం చెప్పానా? కట్టుబాటు తప్పానా? చెప్పు."

అతను ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఒక్క కట్టుబాటూ తప్పలేదు. కట్టుబాటు తప్పకుండానే అడవి గొంతు కోసేశాడు!

మర్నాటికి లవంగి తల్లికి పాలు ఎండిపోయాయి. కూన ఆకలికి గుక్కపట్టి ఏడ్చాడు.

"రెండు గుక్కలు తాగి వచ్చేస్తాను. నువ్వు వీణ్ని చూస్తూ ఉండు," అంది తల్లి.

"వద్దమ్మా, వద్దు!"

"మరి వీడేం తాగుతాడే?"

లవంగి తమ్ముడికి ఆనుకుని ఒడ్డున నిలబడింది. తల్లి మడుగు అంచుకు దిగింది. చెవులు రిక్కించి అటూ ఇటూ చూసింది. మూతి ముంచింది. లవంగి అవతలి ఒడ్డుకేసి చూసింది. అక్కడ ఒక్క మొసలీ లేదు.

"అమ్మా!" అని అరిచేలోపే నీళ్లు ఎర్రబడ్డాయి.

కూన ఏడుపు మానేశాడు. అమ్మ వస్తుందని ఆ నీళ్లకేసే చూస్తూ నిలబడ్డాడు.

నీతి: మన తరఫున మాట్లాడేవాడు ఎంత బాగా మాట్లాడగలడని కాదు, ఎవరికి ఎదురుగా మాట్లాడలేడని ముందే అడగాలి.